మీ గట్టు మీద పిట్టల లెక్క మీరే రాయండి

మీ ఊళ్ళో రాబందు చివరిసారి ఎప్పుడు వాలింది? ఏ ఏడాది, ఏ నెల? ఒక్క నిమిషం ఆగి గుర్తు తెచ్చుకోండి.

"మా చిన్నప్పుడు చాలా ఉండేవి" అంటారు. "ఎద్దు చస్తే చాలు, ఎక్కడెక్కడివో దిగేవి" అంటారు. తేదీ మాత్రం ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేను. మా ఎద్దు చచ్చిపోయి ఊరి బయట వేసిన రోజున రాబందులు దిగి పీక్కు తినడం కళ్ళారా చూశాను. అప్పుడు నాది ఐదో తరగతో ఆరో తరగతో. ఎన్ని వాలాయో లెక్కపెట్టలేదు. ఆ తర్వాత మళ్ళీ చూశానో లేదో కూడా తెలియదు. ఈ మధ్య మా నాన్నను అడిగితే "నీకు యాదుండాలె గద, సదువుకున్నోడివి" అన్నాడు.

రెక్కలు చాపితే ఆరేడు అడుగులుండే పక్షి ఊరి ఆకాశం మీద నుంచి మాయమైపోతే, ఊళ్ళో ఒక్క కాగితం ముక్క మీద దాని ఆనవాలు లేదు. అప్పు తెచ్చిన తేదీ రాసుకుంటాం. యూరియా బస్తాల లెక్క రాసుకుంటాం. బర్రె ఎప్పుడు కట్టిందో గోడ మీద బొగ్గుతో గీసుకుంటాం. పిట్టను, పామును, గట్టు మీద మొక్కను మాత్రం రాసుకోం. ఈ వారం పాఠం దాని గురించే.

శాలిబండలో ఏముంటాయి?

నేను ఉండేది హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండలో. చార్మినారు దాటి అలియాబాదు వైపు పోతుంటే వస్తుంది. షా అలీ బండ అన్న పేరు జనం నోట్లో నలిగి శాలిబండ అయింది. వ్యవసాయం పేజీకి రాసేవాడికి శాలిబండలో ఏం పని అని చాలామంది అడుగుతుంటారు. పొద్దున్నే మీరాలం మండికి నడిచి పోవచ్చు. ఆకుకూరల మోపులతో వచ్చే రైతులు అక్కడే దొరుకుతారు. అదీ సంగతి.

ఇక్కడ ఇల్లూ ఇల్లూ అతుక్కుని ఉంటాయి. పిడికెడు మట్టి కనపడదు. అయినా రెండేళ్ళ నుంచి రోజూ పొద్దున పదిహేను నిమిషాలు మేడ మీద నిలబడి, కనపడినదల్లా ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. మాంసం దుకాణాల పైన నల్ల గద్దలు తిరుగుతుంటాయి. పాత దేవిడీల గోడ పగుళ్ళలో రావి మొలుస్తుంది. ఎక్కడో పండు తిన్న పిట్ట రెట్టలో వచ్చి పడిన గింజ అది. మక్కా మసీదు దగ్గర జనం పావురాలకు జొన్నలు చల్లుతారు. జొన్న పండించేవాడికి గిట్టుబాటు లేకపోయినా పావురానికి మాత్రం జొన్న కరువు లేదు, అది వేరే మాట.

సాయంత్రం పూట గాలిలోనే తిరుగుతూ పురుగుల్ని పట్టే చిన్న నల్ల పిట్టలు గుంపులుగా వస్తాయి. మొదటి నెలంతా వాటిని "వానకోయిలలు" అని రాశాను. తర్వాత పిట్టలు తెలిసిన ఒకాయన చూసి, ఇవి వానకోయిలలు కావు, నడుము మీద తెల్లపట్టీ చూడు, ఇవి స్విఫ్ట్ పిట్టలు, పాత కట్టడాల చూరుల్లో గూడు కడతాయి అని చెప్పాడు. పుస్తకంలో ఆ నెలంతా దిద్దుకున్నాను. దిద్దగలిగానంటే కారణం ఒక్కటే. పేరు తప్పు రాసినా, "నల్లగా ఉంది, నడుము మీద తెలుపు, తీగ మీద వాలదు" అని పక్కన రాసి పెట్టుకున్నాను. పేరు తప్పినా గుర్తు తప్పలేదు.

ఒకరోజు మండిలో ఈ పుస్తకం చూసి ఒక రైతు నవ్వాడు. "పిట్టలను లెక్కపెట్టుడు ఏం పని సారూ? అవి మా జొన్నలు తింటయ్, మేం ఎల్లగొడ్తం. గదే లెక్క." ఏ పిట్టలు అని అడిగాను. చలికాలం మొదట్లో పెద్ద పెద్ద గుంపులుగా వస్తాయట. తల, రెక్కలు నలుపు, వీపు గులాబీ రంగు. ఎండలు ముదిరేసరికి ఒక్కటీ ఉండదట. చెప్పింది గులాబీ గోరింక గురించి. పక్షుల పుస్తకంలో ఉన్న ముక్కలన్నీ ఆయన నోట్లోనే ఉన్నాయి. ఆయనకు తెలియనిదల్లా ఒక్కటే. ఆ పిట్ట మన దగ్గర గూడు కట్టదు, మధ్య ఆసియా దేశాలకు పోయి అక్కడ పిల్లలు చేస్తుంది, అక్కడ మిడతల దండు మీద పడి మేస్తుంది. "అయితే అది మంచిదా చెడ్డదా?" అన్నాడు. జొన్న పాలు పోసుకునే రోజుల్లో మీకు చెడ్డది, మిడతల కాలంలో అక్కడివాళ్ళకు మంచిది. ఎన్ని వచ్చాయి, ఏ తేదీన వచ్చాయి, ఎన్ని రోజులున్నాయి అన్నది మీరు రాస్తే, ఏటా కాపలా ఎప్పుడు పెట్టాలో మీకే తెలుస్తుంది.

డిగ్రీ లేని పెద్దమనిషి

ఈ పని చేసేవాళ్ళను ప్రకృతి పరిశీలకులు అంటారు. జీతం ఉండదు. ఉద్యోగం, సేద్యం, దుకాణం చూసుకుంటూ తీరిక వేళ పిట్టను, పురుగును, చెట్టును చూసి రాసుకునేవాళ్ళు. ఇది పట్నం వాళ్ళ సరదా అనుకోకండి.

మన దేశంలో పక్షుల గురించి చెప్పాలంటే ముందు చెప్పే పేరు సలీం అలీ. 1896లో పుట్టి 1987లో పోయారు. ఆయనకు విశ్వవిద్యాలయం డిగ్రీ లేదు. ఇంటర్ పాసై ఆగిపోయిన నాలాంటివాడికి ఈ మాట చెప్పుకోవడం కొంచెం ధైర్యం. 1931-32లో ఆయన నిజాం రాజ్యమంతా తిరిగి పిట్టల సర్వే చేశారు. ఆ వివరాలు బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. మన జిల్లాల్లో తొంభై ఏళ్ళ కిందట ఏ పిట్ట ఎక్కడ ఉందో ఈరోజు చెప్పగలుగుతున్నామంటే ఆ రాతల వల్లే.

ఆ తర్వాత 1980లో ఇదే హైదరాబాదులో కొంతమంది కలిసి బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ అని పెట్టుకున్నారు. ఆదివారం పొద్దున చెరువుల వెంట, గుట్టల వెంట తిరిగి లెక్క రాయడం వాళ్ళ పని. రాష్ట్రం విడిపోయాక డెక్కన్ బర్డర్స్ అని పేరు మార్చుకున్నారు. వాళ్ళ చిన్న పత్రిక పేరు 'పిట్ట'.

ఈ పేరు దగ్గర ఒక ముచ్చట చెప్పాలి. 'పిట్ట' అన్న మన మాటను పక్షి శాస్త్రవేత్తలు ప్రపంచమంతా వాడుతున్నారు. రంగురంగుల ఒక జాతి అడవి పక్షులకు పిట్ట అనే శాస్త్రీయ నామం పెట్టారు. అలాగే మన గాదె కింద బొరియలు చేసే పందికొక్కు పేరే ఇంగ్లీషులో బాండికూట్ అయింది. దొరలు వచ్చి మన రైతుల దగ్గర కూర్చుని పేర్లు అడిగి రాసుకున్నారు. రాసుకున్నవాడి పుస్తకం నిలిచింది. చెప్పినవాడి పేరు పోయింది.

కలివి కోడి కథ

అలా రాసుకున్నవాళ్ళలో ఒకడు జెర్డాన్ అనే మిలిటరీ డాక్టరు. నెల్లూరులో పనిచేసినప్పుడు అక్కడి యానాదుల దగ్గర ఎన్నో సంగతులు తెలుసుకున్నాడు. 1848లో ఆయన పేరు మీద ఒక పక్షి లోకానికి తెలిసింది. పొదల మధ్య నేల మీద పరుగెత్తే పక్షి. మన కడప ప్రాంతం వాళ్ళు దాన్ని కలివి కోడి అంటారు. 1900 తర్వాత అది ఎవరి కంటా పడలేదని రాశారు. ఇక లేదనే అనుకున్నారు.

1980ల్లో బొంబాయి సొసైటీ వాళ్ళు దాన్ని వెతకడానికి వచ్చారు. భరత్ భూషణ్ అనే పరిశోధకుడు ఊళ్ళవెంట తిరిగి, బొమ్మ చూపించి, జనాన్ని అడిగాడు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట దీపం వెలుతురులో దాన్ని పట్టి తెచ్చాడు. 86 ఏళ్ళ తర్వాత దొరికిన పక్షి! దురదృష్టం, పట్టిన పక్షి బతకలేదు. అయినా ఆ పక్షి కోసమే లంకమల గుట్టల్లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత తెలుగుగంగ కాలువ దారిని కూడా దాని కోసం మార్చాల్సి వచ్చింది.

ఇక్కడ మీరు గమనించవలసింది ఒకటుంది. దేశం అంతా 86 ఏళ్ళు లేదనుకున్న పక్షి, అక్కడి మనిషికి తెలిసిన పక్షే. అది రాత్రిపూట తిరుగుతుందనీ, ఏ పొదల్లో ఉంటుందనీ తెలిసే పట్టాడు. కానీ ఆ ఎరుక కాగితం మీద లేదు కాబట్టి లోకానికి అది లేని పక్షి. ఆ తర్వాత కూడా దాని జాడ మళ్ళీ ఏళ్ళ తరబడి దొరకలేదు. ఒకసారి దొరికితే ఎప్పటికీ దొరికినట్టు కాదు.

రాబందు ఎందుకు పోయింది?

మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. శాలిబండ నుంచి ఆటోలో కొద్దిసేపు పోతే జూపార్కు వస్తుంది. పక్కనే మీరాలం చెరువు. ఆ జూలో రాబందులను పెంచి పిల్లలు చేయించే కేంద్రం ఒకటి ఉంది. మన ఊరి బయట ఊరికే వాలే పక్షికి ఇప్పుడు సర్కారు మంత్రసాని కావలసి వచ్చింది.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల కేంద్రంలో 1980ల నుంచే రాబందుల గూళ్ళు లెక్కపెట్టి రాసినవాళ్ళున్నారు. 1990ల చివర మళ్ళీ లెక్క చూసుకుంటే కళ్ళు తిరిగాయి. పాత లెక్క ఉంది కాబట్టే పోతున్నాయని తెలిసింది. తర్వాత రోడ్ల వెంట దేశమంతా లెక్కపెట్టారు. తెల్లవీపు రాబందులు 1992లో వెయ్యి ఉన్నచోట 2007 నాటికి ఒక్కటి మిగిలిందని తేలింది. వెయ్యికి ఒక్కటి!

కారణం చాలా రోజులు అంతుపట్టలేదు. ఏదో తెగులు అనుకున్నారు. చివరకు పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను కోసి చూసి, 2004లో అసలు సంగతి బయటపెట్టారు. మందు పేరు డైక్లోఫెనాక్. మన పశువులకు నొప్పికి, జ్వరానికి, వాపుకు వేయించే ఇంజక్షనే. ఆ మందు వేసిన పశువు ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోయి, దాన్ని రాబందు తింటే, రాబందు మూత్రపిండాలు పాడై చచ్చిపోతుంది. ఒక్క కళేబరం మీద పదుల పక్షులు వాలతాయి కాబట్టి అన్నింటికీ చుట్టుకుంటుంది.

చూడండి సోదరులారా, మన చేత్తో మనం పెట్టిన మందే. తెలిసి చేయలేదు. ఎద్దు కుంటుతుంటే చూడలేక వేయించాం. కానీ ఊరూరా పది మంది "ఈ ఏడు రాబందులు తక్కువ వాలాయి" అని తేదీ వేసి రాసి పెట్టి ఉంటే, ఎవరో ఒకరు కొన్నేళ్ళు ముందుగానే అనుమానపడేవాళ్ళు. వాటి పని కుక్కల మీద పడింది. ఊరి బయట కళేబరాల దగ్గర కుక్కల గుంపులు పెరగడం మీరూ చూసే ఉంటారు.

2006లో పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని నిషేధించారు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు తెచ్చి పశువులకు వేస్తుంటే, 2015లో ఆ పెద్ద సీసాలను కూడా ఆపేశారు. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ మందులను కూడా పశువులకు వాడకూడదన్నారు. మెలాక్సికం అనే మందు రాబందులకు హాని చేయదని పరీక్షల్లో తేలింది. పశువుల డాక్టరు దగ్గరికి పోయినప్పుడు "ఏ మందు వేస్తున్నారు, మెలాక్సికం పనికొస్తుందా" అని అడగండి. ఊరి మందుల షాపులో మీ అంతట మీరు ఇంజక్షను కొని వేయకండి. మందు వేసిన పశువు చచ్చిపోతే పూడ్చిపెట్టండి, బయట పడేయకండి.

ఎలా రాయాలి?

ఖరీదైన సరంజామా ఏమీ అక్కర్లేదు. పిల్లల స్కూలు నోటుపుస్తకంలో మిగిలిన కాగితాలు చాలు. వాన తగలకుండా ఒక ప్లాస్టిక్ కవరు, దారంతో కట్టిన పెన్సిలు. పెన్ను వద్దు, చెమట తగిలితే సిరా చెదురుతుంది. పొలానికి పోయే సంచీలోనే ఉంచుకోండి. ఇంట్లో పెడితే రాయరు. నేను ఇంట్లో పెట్టి మూడు నెలలు పాడుచేసుకున్నాను.

రాసేది ఐదు ముక్కలు: ఏ తేదీ, ఏ వేళ, ఎక్కడ, ఏమిటి, ఎన్ని. తర్వాత ఓపిక ఉంటే అది ఏం చేస్తోందో రాయాలి. "గోరింకలు చాలా" అని రాస్తే అది రాత కాదు. పదా, ఇరవయ్యా, వందా? కచ్చితంగా తెలియకపోతే "సుమారు 40" అనండి. గుంపు ఎగిరిపోతుంటే ముందు పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఆక్రమించాయో చూసి, గుంపు మొత్తంలో అలాంటివి ఎన్ని ఉంటాయో అంచనా వేయండి. వడ్ల కుప్ప చూసి ఎన్ని బస్తాలవుతుందో చెప్పే మీకు ఇది కష్టమా?

ఎక్కడ అన్నది కూడా తేలిగ్గా తీసుకోవద్దు. "పొలంలో" అంటే పదేళ్ళ తర్వాత మీ కొడుక్కు ఏ పొలమో తెలియదు. "పెద్దకుంట కింది మడి, తాటిచెట్టు పక్క" అని రాయండి. ఊరి పేరు, మండలం పేరు పుస్తకం మొదటి పేజీలో రాసి ఉంచండి.

పేరు మీ ఊళ్ళో ఏమంటే అదే రాయండి. నల్లగా, తోక చీలి, బర్రె వీపు మీద కూర్చునే పిట్టను ఒకచోట పసులపోలిగాడు అంటారు, ఇంకోచోట ఏట్రింత అంటారు. పుస్తకం పేరు కోసం వెతుక్కుంటూ కూర్చోకండి. ఊరి పేరు, పక్కన గుర్తులు రాస్తే చాలు. పెద్ద పేరు తర్వాత ఎవరైనా చెబుతారు. అసలు పేరే తెలియకపోతే "పేరు తెలియదు" అని రాయండి. ఊహించి రాయడం కంటే అది వెయ్యి రెట్లు నయం.

అన్నింటికన్నా ముఖ్యమైన మాట. కనపడనిది కూడా రాయాలి. ఏటా కాపు చేసే గిజిగాడు ఈసారి బావి మీది చెట్టుకు గూళ్ళు కట్టకపోతే, "బావి దగ్గర గిజిగాడి గూళ్ళు: సున్నా" అని రాయండి. రాబందుల విషయంలో మనం పోగొట్టుకున్నది ఆ సున్నాయే. పట్నంలో చదువుకున్నవాళ్ళు కూడా కనపడినదాన్ని రాసి సంబరపడతారు గానీ సున్నా రాయడం మరచిపోతారు.

విన్నదాన్ని విన్నట్టుగా రాయండి. "పక్క చేను వాళ్ళు చెప్పారు, నేను చూడలేదు" అని ఒక ముక్క వేస్తే మీ పుస్తకానికి విలువ పెరుగుతుంది. చిరుత కనపడిందని ఊరంతా గోల చేసిన చోటికి నేను పోయి చూసిన ప్రతిసారీ చూసినవాడు ఒక్కడూ దొరకలేదు. విన్నవాళ్ళే దొరికారు.

పిట్టలే కాదు. గట్టు మీద తంగేడు ఎప్పుడు పూసింది, మోదుగ ఎప్పుడు ఎర్రబడింది, వేపకు చిగురు ఎప్పుడు వచ్చింది, మామిడి పూత ఎప్పుడు కనపడింది రాయండి. ఒకే చెట్టును పెట్టుకుని ఏటా దాన్నే చూడాలి. చాతక పక్షి కూత మొదట విన్న తేదీ, మొదటి పదును వాన పడ్డ తేదీ పక్కపక్కన పదేళ్ళు రాసి చూడండి. పెద్దలు చెప్పిన మాటలో నిజమెంతో మీ పొలం దగ్గరే తేలుతుంది. ఊళ్ళో ఎన్నడూ చూడని పురుగు, కలుపు కనపడితే తప్పకుండా తేదీ వేయండి. మొక్కజొన్నను పట్టిన కత్తెర పురుగును మన దేశంలో మొదట 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర గుర్తించారు. అదే ఏడాది మన చేలలోకి దిగింది. ఇలాంటివాటిలో వారం ముందు తెలియడానికీ వారం తర్వాత తెలియడానికీ పంట దక్కడమా పోవడమా అన్నంత తేడా ఉంటుంది. కనపడితే పుస్తకంలో రాసి ఊరుకోకండి. ఒక పురుగును సీసాలో వేసుకుని వ్యవసాయ విస్తరణాధికారికి చూపించండి.

అడవి పందులు పడి చేను తొక్కినప్పుడు కూడా ఆ రాత్రి తేదీ, ఎన్ని గుంటలు పోయింది, అడుగుల గుర్తులు ఎలా ఉన్నాయి రాసి, ఫోటో తీసి ఉంచుకోండి. నష్టపరిహారానికి అర్జీ పెట్టేటప్పుడు నోటి మాట కంటే అది గట్టిగా నిలబడుతుంది.

కొన్ని జాగ్రత్తలు. గూటి దగ్గరికి పోయి గుడ్లు చేతిలోకి తీసుకోవద్దు. దుక్కిలో తీతువు పిట్ట గుడ్లు నేల మీదే పెడుతుంది. కనపడితే అక్కడ ఒక పుల్ల గుచ్చి, నాగలిని ఆ జానెడు పక్కకు తిప్పండి. పామును పట్టి ఫోటో తీయాలని చూడకండి, దూరం నుంచే చూసి రాయండి. రక్తపింజరకు మీ పుస్తకం సంగతి తెలియదు. నక్షత్ర తాబేలు, అలుగు లాంటివి కనపడితే ఎక్కడ ఉన్నాయో పది మందికి చెప్పుకోవద్దు, వాటిని పట్టి అమ్మేవాళ్ళున్నారు. పట్టడం, అమ్మడం, పంజరంలో రామచిలుకను పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. దసరాకు పాలపిట్టను చూడడం మన ఆచారం. పట్టి రెక్కలు కట్టి తెచ్చి ఇంటింటికీ చూపించేవాడికి డబ్బులిచ్చి చూడడం మాత్రం వద్దు. చేను గట్టున కరెంటు తీగ మీద కూర్చున్నదాన్ని చూడండి, చూసి రాయండి.

రాసింది ఎక్కడికి పోతుంది?

పుస్తకం మీ ఇంట్లోనే ఉన్నా మంచిదే. కానీ ఇప్పుడు చేతిలో ఫోను ఉంది. పిల్లల చేత చేయించండి. ఈబర్డ్ అనే దాంట్లో పిట్టల లెక్క ఎక్కించవచ్చు, ఐనాచురలిస్ట్ అనే దాంట్లో ఏ మొక్క, పురుగు, జంతువు ఫోటో అయినా పెట్టవచ్చు. రెండింటికీ పైసా ఖర్చు లేదు. మీకు పేరు తెలియకపోయినా తెలిసినవాళ్ళు ఎక్కడి నుంచో చూసి చెబుతారు. ఫోను చెప్పిన పేరును మాత్రం వెంటనే నమ్మకండి. మన వంగ పురుగును ఎక్కడి దేశం పురుగో అనడం నేను చూశాను.

ఇలా మామూలు జనం రాసిన లెక్కలన్నీ కలిపే 2020లో, మళ్ళీ 2023లో దేశంలోని పక్షుల పరిస్థితి మీద నివేదికలు తెచ్చారు. 2023 నివేదికకు 30 వేల మందికి పైగా మనుషులు రాసిన మూడు కోట్ల నమోదులు ఆధారం. 942 రకాల పక్షుల సంగతి అందులో చూశారు. ఊర పిచ్చుక దేశం మొత్తం మీద నిలకడగానే ఉందనీ, హైదరాబాదు లాంటి ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గుతోందనీ 2020లో తేలింది. శాలిబండలో నా పుస్తకం కూడా అదే చెబుతోంది. నెమలి పెరిగిందట, ఈ మాట కంది, వేరుశెనగ రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన పాలపిట్ట తగ్గుతోందట. అది కొత్త సంగతి, బాధ కలిగించే సంగతి.

అయితే ఆ లెక్క రాసినవాళ్ళలో ఎక్కువమంది పట్నాల వాళ్ళు, చెరువుల దగ్గరికి, అడవుల దగ్గరికి పోయేవాళ్ళు. మెట్ట చెల్కల్లో, రెండెకరాల కమతాల్లో రోజూ తిరిగేవాళ్ళ రాత చాలా తక్కువ. పాలపిట్ట ఉండేది అక్కడే. ఏ మందు కొట్టిన చేలో పసులపోలిగాడు వాలడం మానేసిందో, పురుగుల కోసం పంగల కర్రలు పాతిన చేలో ఎన్ని పిట్టలు వాలాయో చెప్పగలిగినవాడు అక్కడే ఉన్నాడు. పత్తిలో, కందిలో ఆ కర్రలు పెట్టమని అధికారులు చెబుతూనే ఉంటారు. పెట్టినవాళ్ళు వాటి మీద ఏం వాలిందో ఎవరికీ చెప్పరు.

ఇంకొక సంగతి మీ పంచాయతీలోనే ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊళ్ళో ఉన్న మొక్కలు, జంతువులు, పాత విత్తనాలు, వాటి గురించి ఊరివాళ్ళకు తెలిసిన సంగతులు అన్నీ రాసి ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు పెట్టాలి. మీ ఊళ్ళో ఆ రిజిస్టరు ఉందో లేదో కార్యదర్శిని అడగండి. ఉంటే తీసి చూడండి. మీ పెద్దకుంట పేరు అందులో ఉందా? మీ అమ్మ కూరకు కోసే గట్టు ఆకుల పేర్లున్నాయా? ఊళ్ళోకి రాకుండానే రాసిన రిజిస్టరు చదివితే రెండు పేజీల్లో తెలిసిపోతుంది. లేనివి మీ పుస్తకంలో నుంచి ఎక్కించమని అడిగే హక్కు మీకుంది. హైదరాబాదు పక్కన అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. ఆ చెరువు మీద ఏ పక్షులు వస్తాయో ఏళ్ళ తరబడి రాసిన కాగితాలు లేకపోతే, దాన్ని మిగతా చెరువుల నుంచి వేరుగా చూసేవాళ్ళే ఉండరు.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పక్షుల లెక్క జరుగుతుంది. మన దేశం 2013 నుంచి అందులో ఉంది. పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి కనపడినవి లెక్కపెట్టడమే. ఎక్కడికో పోనక్కర్లేదు, మోటారు వేసి మడి నిండే దాకా ఎలాగూ గట్టు మీదే ఉంటారు కదా.

మండిలో నవ్విన రైతు పోయిన నెల మళ్ళీ కలిశాడు. కొత్తిమీర మోపు దింపి, బొడ్లో నుంచి బీడీ కట్టతో పాటు మడత పెట్టిన కాగితం తీశాడు. మనవరాలి చేత రాయించాడట. "బోరు కాడ. పొద్దున. పాలపిట్ట 1. కూకుడు గువ్వలు 2. గులాబి గోరింకలు ఇంకా రాలె" అని ఉంది. తేదీ ఎక్కడ అని అడిగాను. నాలిక కరుచుకుని, అక్కడే నా పెన్సిలు తీసుకుని వేశాడు.

మీ ఊళ్ళో మాత్రమే వాడే పిట్టల పేర్లు, మొక్కల పేర్లు ఏవైనా ఉంటే మాకు ఒక కార్డు ముక్క రాయండి. పేరుతో పాటు గుర్తులు, ఊరు, మండలం, చూసిన తేదీ రాయడం మరువకండి.